ఆఫ్ రోజు చూసిన కాన్పు

రెండు ఆదివారాలు డ్యూటీ చేస్తే దొరికిన ఒక్క ఆఫ్ అది. వికారాబాద్‌లో నర్సింగ్ పాఠాలు చెప్పే మాకు సెలవు ఊరికే రాదు, మన బదులు నిలబడే మనిషిని మనమే వెతుక్కోవాలి. ఆ గురువారం మధ్యాహ్నం దాకా మంచం దిగకూడదని వారం ముందే తీర్మానించుకున్నాను.

పొద్దున్నే తాండూరు ఆసుపత్రి నుంచి మా విద్యార్థిని ఫోను చేసింది. కోట్‌పల్లి దగ్గర గొర్లు కాచే ఇంటి పిల్ల.

"మేడం, నా కేసు బుక్కుల ఒక్క కాన్పు తక్కువుంది. రేపు బుక్కు ఇయ్యకుంటే పరీక్షకు కూసోనియ్యరంట. గిప్పుడే ఒకామె నొప్పులతోని వచ్చింది. సంతకం పెట్టనీకి ఎవ్వరు లేరు."

మా దగ్గర, విద్యార్థిని చేసిన కాన్పును కళ్లారా చూసిన టీచరే ఆ బుక్కులో సంతకం పెట్టాలి. నా బదులు నిలబడతానని ఒప్పుకున్నావిడను వేరే కాలేజీ పరీక్షలకు పంపేశారట. అసలు విద్యార్థినుల వార్డు డ్యూటీల చివరి రోజునే ఆఫ్ రాసుకున్నది నేను. ఎవరికెన్ని కాన్పులు మిగిలాయో చూసుకోనిదీ నేనే.

"పరేషాన్ గాకు, వస్తున్న" అని, నన్ను నేనే తిట్టుకుంటూ రైలెక్కాను.

కాన్పు గదిలో టీచరుకు ఒక నియమం ఉంది. ప్రమాదమైతే తప్ప చెయ్యి పెట్టకూడదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. మొన్నటిదాకా బీపీ చూడమంటేనే వణికిన పిల్ల, "అక్కా, జర ఆగు. గట్టిగ ఊపిరి తీస్కో. ఆ, ఇప్పుడు కిందికి ముక్కు" అంటోంది, ఎన్నేళ్లుగానో ఇదే పనన్నట్టు. తల బయటికొచ్చింది. మెడకు బొడ్డుపేగు చుట్టుకుని ఉంది. నేను నోరు తెరిచేలోపే ఆ పిల్ల పేగు కిందికి వేలు పోనిచ్చి, మెల్లగా తల మీదుగా దాటించేసింది. మరుక్షణం బిడ్డ కేరుమంది.

అది నేర్పింది నేనే. అయినా ఇన్నేళ్లుగా ఇన్ని కాన్పులు చూసినదాన్ని, ఏమీ తెలియనిదానిలా అలాగే చూస్తూ ఉండిపోయాను. ఆ పిల్లకు బుక్కు సంగతే గుర్తు లేదు. నేనే అడిగి తెప్పించుకుని సంతకం పెట్టాను.

మర్నాడు ప్రిన్సిపాల్ మేడం రిజిస్టరు తిప్పుతూ, "మీ ఆఫ్ నిన్నటితోని అయిపోయింది. పనికి పోయిన్నని మళ్ల ఇంకో ఆఫ్ అడగొద్దు" అన్నారు.

వేరే రోజైతే కొట్లాడేదాన్ని.

"అడగను మేడం," అన్నాను. "మస్తు వాడుకున్న."