అరవై ఏడో ముడి

వీధిలో అందరూ ఆవిడను నూటెనిమిది అనేవారు. ముప్పై ఏళ్ళుగా జపమాలలు గుచ్చడమే ఆవిడ పని మరి. మెట్ల కింద చిన్న గది, మేకులకు వేలాడే దారాలు, పళ్ళేల్లో చెక్కపూసలు. పూసకూ పూసకూ మధ్య ఒక ముడి పడాలి. అది వదులైతే పూసలు రాసుకుని దారం తెగుతుంది. ఆవిడ గుచ్చిన మాల తెగిందన్న మాట ఎవరూ వినలేదు. ఆ గర్వం ఆవిడకూ ఉండేది, దాచడమెందుకు!

తను మాత్రం ఒక్కనాడూ జపం చేసి ఎరగదు. మాల చేతికి తగిలితే చాలు, వేళ్ళు దేవుణ్ణి వదిలేసి ముడుల వెంట పడేవి. మొగుడు బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. తెల్లారి లేస్తే కిటికీ పక్క కుర్చీలో మాల తిప్పుతూ కూర్చునేవాడు. పుణ్యం నాకు, నడుంనొప్పి నీకు అని ఏడిపించేవాడు. పుణ్యం మీరే మూటగట్టుకోండి, నాకు కాస్త టీ పెట్టివ్వండి అనేది ఆవిడ.

పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి పడిపోయింది. ఆ వెనకే గుండె మొరాయించింది. ఇక చేసేదేమీ లేదని డాక్టరు ఇంటికి పంపేశాడు. ఆయనకు చావంటే భయం లేదు గాని, నామం చెవిన పడకుండా పోతానేమోనని ఒకటే బెంగ. ఒక మధ్యాహ్నం పెళ్ళాన్ని దగ్గరికి పిలిచాడు.

"నా బదులు నువ్వు తిప్పవే. మధ్యలో ఆపకు. నీ గొంతు వింటూ పోతాను."

ఆవిడ మంచం పక్కన కూర్చుని మొదలుపెట్టింది. ఒక్కో పూసకు ఒక్కో నామం. ఆయన కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ వింటున్నాడు. వేళ్ళు బుద్ధిగా సాగుతుంటే ఆవిడకే ఆశ్చర్యమేసింది. యాభై దాటింది, అరవై దాటింది. అరవై ఏడో పూస తర్వాత ముడి వదులుగా తగిలింది. తను వేసిన ముడే. ఒక్క క్షణమే కదా అనుకుని, నామం ఆపి, తల వంచి, గోటితో లాగి బిగించింది. నిమిషం కూడా పట్టి ఉండదు.

తలెత్తేసరికి ఆయన పెదవులు కదలడం లేదు. కళ్ళు తెరుచుకుని ఆవిడ వైపే ఉన్నాయి.

చూడవచ్చినవాళ్ళంతా అదృష్టవంతుడు, నామం వింటూ పోయాడు అన్నారు. ఆవిడ అందరికీ తలూపింది. వారం తర్వాత కూతురు సంచి సర్దుకుని ఊరికి బయల్దేరుతూ మళ్ళీ అదే మాట అంటే, ఇక ఆవిడ వల్ల కాలేదు.

"లేదే. నేను ఆపేశాను. ముడి బిగించుకుంటూ కూర్చున్నాను. మీ నాన్న కళ్ళు తెరిచి, ఎందుకాగానా అని నన్నే చూశారు."

కూతురు సంచి కింద పడేసి, తల్లి పక్కన కూలబడి ఏడ్చింది. పర్వాలేదమ్మా అనడానికి ఆ పిల్ల ఎవరు? అనాల్సిన మనిషి పోయాడు.