పునాది గుంతలో ఇసుక

పునాది గుంతలో ఎర్రమట్టి రాలేదు, ఇసుక వచ్చింది. తెల్లగా, మెత్తగా. ఆ ఇసుకను ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. ఇంట్లో అందరూ పడుకున్నారు. మీకు మాత్రం చెబుతున్నాను.

నేను పుట్టింది రామసముద్రం దగ్గర పల్లెలో. ఇసుక ఉన్నచోట ఒకప్పుడు నీళ్ళు పారి ఉంటాయని చిన్నప్పుడే తెలుసు.

మదనపల్లె టమాటా మార్కెట్టుకు కూలికొచ్చి, అంగళ్ళ ముందర పడుకునే ఆడవాళ్ళకు తక్కువ బాడుగకు వరస గదులు కట్టాలనుకున్నాడు మా మామ. డిగ్రీ చదివానని ప్లాను నాచేత గీయించాడు. స్థలాలు రెండే. మా గోడ పక్కన మిట్ట, చేను చివర ఏళ్ళ తరబడి ఎండిన వంక. నేను వంకను చూపించాను. వాళ్ళ పిల్లలు మా పిల్లలతో తిరిగితే దగ్గూ గజ్జీ అంటుతాయని భయం. భయమేనా? వాళ్ళు పక్కన ఉండకూడదనుకోవడానికి భయమని పేరు పెట్టుకున్నానా?

మొదటి గదిలో చేరబోయే నరసమ్మ గుంతలోకి తొంగిచూసింది.

"సదువుకున్నదానివి, నువ్వు చెప్పమ్మా. ఇది వంక గదా, నీళ్ళొస్తే?"

"తాగేదానికే లేవు. మునిగేదానికి యాడినుంచి వస్తాయి నరసమ్మా?"

మేస్త్రీ నవ్వాడు. ఆమె కూడా నవ్వి, "అట్లయితే పడవ కొనే పని లేదులేప్పా" అంది అతనితో. అప్పుడైనా మిట్ట మీదికి మార్చమని అని ఉండొచ్చు. అనలేదు.

కొన్నేళ్ళకు, రాత్రంతా వాన కురిసిన ఒక తెల్లవారుజామున వంక వచ్చింది. మార్కెట్టుకు పోయే ఆడవాళ్ళందరి లాగే నరసమ్మ అప్పటికే నిద్రపోతున్న కూతురు లచ్చిని లోపల వదిలి, బయట గడియ పెట్టి పోయింది. మేము మిట్ట మీద నిలబడి అరిచాం. ఎవరమూ దిగలేకపోయాం. నీళ్ళు తగ్గేసరికి లచ్చి లేదు.

"నేనే గదమ్మా గడియ పెట్టింది" అని నరసమ్మ నా చేతులు పట్టుకుంది. కాదని నేను అనలేదు. ఊరంతా ఆ గడియ గురించే మాట్లాడింది. ఇసుక గురించి నన్నెవరూ అడగలేదు. ఆమె పెద్దపంజాణి వైపు వెళ్ళిపోయింది, ఆ తప్పు తనదేనని నమ్ముతూ. ఇప్పుడు వెళ్ళి చెబితే ఎవరికి తేలిక, ఆమెకా, నాకా? తెలియదు. ఇది రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది. అంతే.

వంక వచ్చిన మరునాడు పొద్దున గదుల ముందు కొత్త ఇసుక మేట వేసి ఉంది. మా పిల్లలు గరిటెలు తీసుకుని బయల్దేరారు. లచ్చి ఎక్కడమ్మా అని అడిగారు. నాకు తెలియకుండా రోజూ ఆ పిల్లతోనే ఆడుకునేవాళ్ళట.

వాళ్ళమ్మ ఊరికి తీసుకుపోయింది, అన్నాను. ఆ ఇసుకలోకి మాత్రం దిగొద్దండి, అన్నాను.