షాహీన్ అక్క అడగడం మరిచిన రోజు

జనగామలో మా ఇంటి వెనక గల్లీలో పాత బోరింగు ఒకటి ఇంకా పనిచేస్తోంది. పొద్దున్నే ఎవరో ఒకరు దాని పిడి కొడతారు, అది కీచుమని గల్లీనంతా లేపుతుంది. మిగతావాళ్ళు విసుక్కుంటారు గానీ నాకు మాత్రం ఆ చప్పుడంటే ఇష్టం. అది వినగానే షాహీన్ అక్క గుర్తొస్తుంది.

భూపాలపల్లిలో ఆమెది జాకెట్లు కుట్టే దుకాణం. నేను ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ దాని పైగదిలో అద్దెకుండేదాన్ని. ఒకరోజు దేవె అనే కోయ యువతి, ఒళ్ళు కాలిపోతున్న పసిబిడ్డను చంకనెత్తుకుని దుకాణం ముందుకు వచ్చి దవాఖానకు దారి అడిగింది. అక్క మిషను ఆపి తనే వెంట వెళ్ళింది. ఛత్తీస్‌గఢ్‌లో తుపాకుల మధ్య బతకలేక వచ్చిన కుటుంబాలు కాటారం అవతల అడవిలో గుడిసెలు వేసుకున్నాయనీ, వాగు నీళ్ళు తాగి పిల్లలు జ్వరాల పాలవుతున్నారనీ మాకు ఆ రోజే తెలిసింది. "ఆ గూడెంల బోరింగు పడాలె చెల్లె. పడేదాంక నేను ఊకోను" అంది అక్క. అన్నదంటే అన్నదే, ఆమెతో వాదించి గెలిచినవాళ్ళను నేను చూడలేదు.

బోరింగు అడగడానికి మంచినీళ్ళ శాఖ ఆఫీసుకు పోతే, అక్కడి అధికారి "వాళ్ళు మన రాష్ట్రంవాళ్ళు కాదమ్మా" అన్నాడు.

"ఆ ముచ్చట వాగుకు తెల్వది సార్. గా నీళ్ళు ఎవరు తాగినా జరమే వస్తది" అంది అక్క.

ఆయన కదల్లేదు. దాంతో అక్క ధర్నా పెట్టింది. శుక్రవారం నమాజు అయ్యాక, ఆఫీసు ముందు. షామియానా వేయించింది, మైకు తెప్పించింది, గూడేనికి ఆటో అతనితో కబురు పంపింది. తీరా చూస్తే గూడెం నుంచి ఒక్కరూ రాలేదు. వరండాలో సిబ్బంది నవ్వుకుంటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. కాసేపటికి ఆటో అతను ఒక్కడే వచ్చాడు. "ఇయ్యాల వాళ్ళకు విత్తనాల పండుగంట అక్కా. పెద్దమనిషి విత్తనాలు పంచేదాంక ఎవ్వరూ పొలిమేర దాటరంట" అన్నాడు.

అక్క తల కొట్టుకుని, పకపకా నవ్వి, మైకు అందుకుంది. "వాళ్ళను అడగకుండనే తారీఖు పెట్టిన. తప్పు నాది. వాళ్ళు చెప్పిన రోజు మళ్ళొస్తం. సార్లు నవ్వుడైతే గప్పటిదాంక నవ్వుండ్రి!" వరండా ఖాళీ అయింది. అంతమంది ముందు తప్పు ఒప్పుకుని కూడా అంత దర్జాగా నిలబడవచ్చని నాకు అప్పుడే తెలిసింది.

మర్నాడు ఇద్దరం గూడేనికి పోయాం. "మేం రాలేదని కోపమా అక్కా?" అని దేవె బెదురుగా అడిగింది. "కోపం నా మీదనే బిడ్డా. మీకు ఎప్పుడు వీలైతే గప్పుడే" అంది అక్క. విత్తనాలు చల్లడం అయ్యాక పెద్దలు రోజు చెప్పారు. ఆ రోజు గూడెం మొత్తం సొరకాయ బుర్రల్లో వాగు నీళ్ళు నింపుకుని వచ్చింది. అక్క తను మాట్లాడకుండా మైకు దేవె చేతికిచ్చింది. దేవె మాత్రం మైకు వదిలి, తన బుర్ర అధికారి ముందు పెట్టి, "గీ నీళ్ళు జర తాగుండ్రి సార్. మీరు తాగితే మేం ఇంటికి పోతం" అంది. ఆయన బుర్రకేసి చూశాడు, పసిపిల్లలకేసి చూశాడు, తాగలేదు. వానలు ముదరకముందే గూడెంలో బోరింగు పడింది. మొదటి బిందె అక్కతోనే కొట్టించారు.

పోయిన చలికాలం అక్క కన్నుమూసింది. ఎవరూ పిలవలేదు, అయినా గూడెం గూడెమంతా వచ్చి దుకాణం ముందు కూర్చుంది. దేవెను పట్టుకుని నేను వెక్కి వెక్కి ఏడ్చాను.

ఇప్పుడు మహబూబాబాద్ వైపు ఇలాంటి గూడేల కోసం నేనే తిరుగుతున్నాను. మొన్న ఒక అధికారి చిరాకుపడుతూ "ధర్నా ఏ రోజో చెప్పండి మేడమ్, బందోబస్తు చూసుకోవాలి" అన్నాడు.

"నాకు తెల్వది సార్. వాళ్ళను అడిగి చెప్త" అన్నాను.