మబ్బులతో కూడా తగువే

దోన్ అబ్దోన్‌కి కోపం రావడమంటూ లేదు. పొద్దున ఆయన కళ్ళు తెరిచేసరికే అది ముక్కు మీద ఎక్కి కూర్చుని ఉంటుంది. కిటో నగరం నుంచి సముద్రానికి దిగే దారి పక్కన, కొండ మీది మబ్బు అడవిలో ఆయనకో చిన్న విడిది ఉంది. కిటికీలోంచి మబ్బు లోపలికొస్తే, "నీ అబ్బ సొమ్మా ఇల్లు? ఆరేసిన దుప్పట్లన్నీ తడిపావు కదే!" అని దాని మీద విరుచుకుపడతాడు. తేనెపిట్టల్ని సోమరిపోతులని తిడుతూనే వాటి గిన్నెల్లో చక్కెర నీళ్ళు నింపుతాడు. ప్రశాంతత కోసం ఊళ్ళు దాటి వచ్చినవాళ్ళు ఆయన గొంతుకి జడిసి మర్నాడే మూట కట్టేస్తారు.

అలాంటి చోటికి నార్సిసా వచ్చిపడింది. రావాలని కాదు. సముద్రం ఒడ్డున పెదెర్నాలెస్‌లో మర్నాడు చెల్లెలు ఫ్లోర్ బిడ్డకి బాప్తిస్మం. బిడ్డ పక్కన తల్లిలా నిలబడాల్సిన జ్ఞానమాత నార్సిసాయే. అమ్మ పోయాక ఏదో మాటకి మాట పెరిగి అక్కచెల్లెళ్ళు రెండేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. ఇన్నాళ్ళకి ఫ్లోర్ మనిషి చేత కబురంపింది: "రాకపోతే మా ఆడపడుచు నిలబడుతుంది. ఇక నాకు అక్క లేదనుకుంటాను."

తీరా బయల్దేరితే దారిలో కొండచరియ విరిగిపడింది. "ఇదిగో, ఇప్పుడే తీసేస్తారు," అన్నాడు బస్సు డ్రైవరు. ఆ దేశంలో 'ఇప్పుడే' అంటే పిల్లాడికి మీసాలొచ్చేదాకా అని నార్సిసాకి పుట్టినప్పట్నించీ తెలుసు. డ్రైవర్ని నాలుగు దులిపి, బస్సు దిగి, సాయంత్రం మంచులో కనిపించిన బోర్డు పట్టుకుని కొండెక్కింది.

"చెడ్డవారు కాకండి, ఓ గది ఇప్పించండి," అంది. కిటోలో ఉప్పు అడగాలన్నా మొదట ఆ మాటే అంటారు.

"నేను చెడ్డవాణ్ణే! ముందు చెప్పకుండా రావడానికి ఇదేమన్నా సత్రమా?"

"బయట బోర్డు మీద అలాగే ఉంది!"

"బోర్డు చదవడం వచ్చినదానివి స్వెట్టరు తొడుక్కోవడం రాలేదేం? పళ్ళు టకటకమంటున్నాయి. కూర్చో!"

వేడి బంగాళాదుంపల సూపు, అందులో ఇంత జున్ను, పక్కన అవకాడో ముక్క దభీమని ముందు పడ్డాయి. "మిగిలిందంటే ఊరుకోను!"

"ఫోను ఎక్కడ పలుకుతుంది?" అంది నార్సిసా.

"పై గుట్ట మీద. ఈ చీకట్లో, ఆ బురదలో ఎక్కి కాలు విరగ్గొట్టుకుంటావా? విరిగితే మొయ్యాల్సింది నేనేగా!" అని తలుపు గడియ వేసి దానికి అడ్డంగా కుర్చీ వేసుకు కూర్చున్నాడు.

నార్సిసా ఒంటికాలి మీద లేచింది. ఆ ఆవేశంలో చెల్లెలూ, బిడ్డా, ఆడపడుచూ, మొత్తం కథంతా కక్కేసింది.

"ఏ గుడి?" అని అరిచాడాయన.

"సముద్రం ఒడ్డుది! మీకెందుకు?"

"ఫాదిరీ ఎవరు?"

"ఫాదర్ ఎలోయ్! అయితే?"

"అయితే పోయి పడుకో!"

తెల్లారి చూస్తే ముసలాయన లేడు. 'నన్ను కట్టిపడేసి తన దారి తను చూసుకున్నాడా!' అని మండిపడుతూ నార్సిసా కొండ దిగింది. మంచులో మనిషికన్నా ముందు తిట్లు వినబడ్డాయి. దగ్గరికెళ్తే చరియ మీద కొండ జనమంతా పారలూ గునపాలూ పట్టుకుని ఉన్నారు.

"ఊరుమ్మడి పనమ్మా," అంది కాఫీ పోస్తున్నావిడ. "ఇల్లిల్లూ తలుపు బాది తిట్టాడు. మా ఊరి అధ్యక్షుడు మర్యాదగా పిలిస్తే రేపు చూద్దాం అంటాం. ఈయన గుమ్మంలో నిలబడి తాతముత్తాతల్ని ఎత్తుకుంటాడు. అంతకన్నా మట్టి తవ్వడమే హాయి."

"కాఫీ తాగడానికొచ్చావా?" అని నార్సిసా మీద పడ్డాడు దోన్ అబ్దోన్. "పార పట్టు!"

పండక్కని వేసుకున్న గౌను మోకాళ్ళ దాకా ఎత్తి దోపుకుని ఆమె కూడా తవ్వింది. మనిషి నడిచేంత బాట పడగానే ఆయన ఆమె చెయ్యి పట్టుకుని, అడుగడుక్కీ చివాట్లు పెడుతూ దాటించాడు. అవతల వెనక్కి మళ్ళుతున్న బస్సుకి అడ్డంగా నిలబడి, ఆ డ్రైవర్నీ తిట్టి ఎక్కించాడు.

నార్సిసా చేరేసరికి బాప్తిస్మం వేళ ఎప్పుడో దాటిపోయింది. అయినా జనం గుళ్ళోనే ఉన్నారు. ఫాదర్ ఎలోయ్ ధుమధుమలాడుతూ పచార్లు చేస్తున్నాడు. గుమ్మంలో బిడ్డనెత్తుకుని ఫ్లోర్ నిలబడి ఉంది.

"ఎవడే ఆ ముసలాడు?" అంది ఫ్లోర్. రెండేళ్ళ తర్వాత మొదటి మాట అది. "పొద్దున్నే ఫాదిరీకి ఫోన్ చేసి, అక్క రాకుండా బిడ్డ నెత్తి మీద చుక్క నీళ్ళు పడ్డాయా, కొండ దిగొచ్చి తొట్టె బోర్లిస్తానన్నాడట! తర్వాత నన్ను పిలిపించి ఎడాపెడా వాయించాడు."

"నిన్నేమన్నాడు?"

"అక్క కావాలా వద్దా, ఒక్క ముక్కలో చెప్పమన్నాడు. చెప్పేదాకా ఫోను పెట్టనివ్వలేదు."

"ఏం చెప్పావ్?"

"కావాలనే చెప్పాను. ఏం చెయ్యను మరి?"

నార్సిసాకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, వాటితోపాటు ఒళ్ళూ మండింది. "ఆ ముక్కేదో నాకే చెప్పడానికి నీకు రెండేళ్ళూ నోరు రాలేదుటే?"

"నువ్వడిగి చచ్చావా?"

"అమ్మా, లోపలికొచ్చి కొట్టుకోండి!" అని కేకేశాడు ఫాదర్ ఎలోయ్. "నీళ్ళు చల్లారిపోతున్నాయి!"