గడప బయట చైనా మామ్మ

నా చిన్నప్పుడు బెజవాడ వన్ టౌన్‌లో ఎవరైనా పళ్లు కట్టించుకోవాలంటే మా పక్కింటికే వచ్చేవారు. అక్కడ ఒక చైనా పళ్ల డాక్టరు గారు ఉండేవారు. ఆయన తల్లిని వీధంతా చైనా మామ్మ అనేది. ఆవిడ రోజంతా అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చునేది. కాళ్లకు నా అరచేయంత నల్లగుడ్డ బూట్లు. రెండడుగులు వేయాలన్నా గోడ పట్టుకోవాల్సిందే. ఆ కాళ్లు అంత చిన్నవేమిటని అడిగితే, పుట్టుకతో అంతేనేమో అనేసింది మా అమ్మ.

నేను పరిగెత్తితే చూడటం ఆవిడకు సరదా. బడి నుంచి రాగానే వేరుశెనగ ఉండ చూపించి, వీధి చివర ఉన్న గోడౌను వైపు వేలు చూపేది. నేను తోపుడు బళ్ల మధ్యలోంచి పరిగెత్తుకెళ్లి, గోడౌను తలుపు తట్టి వచ్చేదాన్ని. ఉండ చేతిలో పెట్టి నా కాళ్ల వంకే చూసేది. ముసలావిడకు పొద్దుపోక అనుకునేదాన్ని.

మా నాయనమ్మకు మాత్రం ఆవిడంటే గిట్టేది కాదు. కారణం ఆ బూట్లే. పలకరింపుకు వచ్చినా, పండక్కి పిలిచినా వాటిని విప్పేది కాదు. గడప బయటే నిలబడి మాట్లాడి వెళ్లిపోయేది. మా ఇంట్లో చెప్పులతో గడప దాటడం ఎవరూ ఎరగరు. బూట్లు విప్పితే ఆవిడ గొప్పేమైనా అరిగిపోతుందా అని నాయనమ్మ సణుక్కునేది.

ఎనిమిదో క్లాసులో ఉండగా నేను పెద్దమనిషినయ్యాను. ఇక బడి చాలంది నాయనమ్మ. ఆవిడేం రాక్షసి కాదు, నాకు జ్వరమొస్తే అన్నం మానేసే మనిషి. ఈడొచ్చిన పిల్ల వీధిలో తిరిగితే నలుగురూ నాలుగు మాటలంటారని ఆవిడ భయం. మా నాన్న తల్లికి ఎదురు చెప్పే రకం కాదు. నేను కిటికీ దగ్గర కూర్చుని ఏడుస్తుంటే అరుగు మీంచి మామ్మ చూసేది. సంగతేమిటని మా అమ్మను అడిగిందట.

ఒక మధ్యాహ్నం ఆవిడ గోడ పట్టుకుంటూ మా గడప దాకా వచ్చి, అక్కడే కూలబడి బూట్లు విప్పింది. తర్వాత లోపలి గుడ్డలు విప్పడం మొదలుపెట్టింది. చుట్టు మీద చుట్టు, ఎంతకీ తరగలేదు. చివరికి బయటపడ్డ పాదం పాదంలా లేదు. బొటనవేలు తప్ప మిగతా వేళ్లన్నీ అరికాలి కిందికి మడిచి అతుక్కుపోయి ఉన్నాయి. మా అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కట్టుకున్న మొగుడికి కూడా ఆ పాదాలు చూపించలేదంటూ, మామ్మ వచ్చీరాని తెలుగులో నాయనమ్మతో అంది:

“మా అమ్మే కట్టింది, వదిన గారూ. కాళ్లు చిన్నగా ఉంటేనే మంచి సంబంధం వస్తుందని, ప్రేమతోనే కట్టింది.”

విప్లవం వచ్చాక వాళ్ల దేశంలో ఆడపిల్లల కాళ్లు కట్టడం లేదట. మగవాళ్లతో పాటు పొలాల్లోకి దిగుతున్నారట, ట్రాక్టర్లు కూడా నడుపుతున్నారట. ఆవిడ చెల్లెలి చేత కూడా కట్లు విప్పించి వరి మడిలోకి దింపారు. విరిగిన వేళ్లు మాత్రం లేచి రాలేదు. ఆ చెల్లెలు ఏడుస్తూనే నాట్లు వేస్తోందని ఊరి నుంచి కబురొచ్చిందట.

“తర్వాత విప్పినా లాభం లేదు, వదిన గారూ,” అని నా వంక చూసింది.

నాయనమ్మ వేణ్ణీళ్లు తెప్పించి, తన చేతులతోనే ఆ పాదాలు కడిగి తుడిచింది. మళ్లీ గుడ్డలు చుట్టబోయి, చేతులు రాక ఏడ్చేసింది. మామ్మే చుట్టుకుంది. బూట్లతోనే రమ్మని నాయనమ్మ ఆవిడ చేయి పట్టుకుని గడప దాటించింది. ఆ సోమవారం నేను బడికి వెళ్లాను.

ఆ తర్వాత చైనాతో యుద్ధం వచ్చింది. అప్పటిదాకా పళ్లు కట్టించుకున్నవాళ్లే ఆ అరుగు వంక చూడటం మానేశారు. ఒక ఉదయం వాళ్లింటి ముందు రిక్షాలు ఆగాయి. ఎక్కడికని నాన్న అడిగితే డాక్టరు గారు తనకే తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపారు. నాయనమ్మ దారిలో తినమని పులిహోర మూట కట్టిచ్చింది. మామ్మ రిక్షాలో కూర్చుని, నన్ను చూసి, వీధి చివరికి వేలు చూపింది. నేను ఏడుస్తూనే పరిగెత్తాను. వోణీ జారిపోతున్నా రిక్షా పక్కనే పరిగెత్తాను. గోడౌను తలుపు తట్టి చూసేసరికి రిక్షా మలుపు తిరిగిపోయింది. మళ్లీ ఆవిడ కబురు తెలియలేదు. ఆ దుఃఖం నాకు ఇప్పటికీ తీరలేదు.

నేను టీచరు పని చేసి రిటైరయ్యాను. ఇప్పుడు మోకాళ్లు అరిగి, సాయంత్రాలు అపార్ట్‌మెంటు కింద కుర్చీలో కూర్చుంటున్నాను. పిల్లలు ఆడుతుంటే మిగతా పెద్దవాళ్లు “మెల్లగా, పడతావు” అని కేకలేస్తారు. ఆడపిల్లతో ఆ మాట అనడానికి నాకు నోరు రాదు. గేటు వైపు వేలు చూపించి, అది తిరిగొచ్చేదాకా దాని కాళ్ల వంకే చూస్తూ కూర్చుంటాను.