నల్లబల్ల మీద కురిసిన తొలకరి

ఆ కాలంలో ఉద్యోగంలో చేరే ప్రతి తెలుగు పండితుడూ తన వెంట ఒక ఇనుప పెట్టెనూ, ఒక కవితల నోటుపుస్తకాన్నీ తీసుకొని బయలుదేరేవాడనుకొంటాను. నేనైతే బయలుదేరాను. ప్రకృతి మీద, ఆరు ఋతువుల మీద నాలుగేసి పాదాల కవితలు అందులో వరుస సంఖ్యలతో కొలువుదీరి ఉండేవి. (అన్నీ కిటికీ మూసుకొని రాసినవే, గాలికి కాగితాలు చెదరడం నాకు గిట్టదు.) మెట్‌పల్లి దగ్గరి ఒక పల్లె బడిలో, మృగశిర కార్తెలో, ఇరవైమూడేళ్ళ వయసున చేరాను. గేటు పక్కన బాటవైపు ఒక నల్లబల్ల కనిపించింది. దానిపై నాకు ముందున్న పండితుడు వంకర అక్షరాలతో 'వాన ఇంకా లేదు, ఆగుండ్రి' అని రాసి వెళ్ళిపోయాడు. పాఠశాల ముంగిట అంతటి అక్రమాన్ని నేను సహించలేకపోయాను. తడిగుడ్డతో తుడిచి, గీతలు గీసి, ముత్యాల వంటి అక్షరాలతో ఇలా రాశాను:

తొలకరి తలుపు తట్టినది
పుడమి పులకించి లేచినది
రైతన్నా! విత్తు నాటుమని
మేఘము కబురు పంపినది

మూడోనాడు పదో తరగతి పాఠం మధ్యలో ఒక పెద్దమనిషి రుమాలు చేతబట్టుకొని గుమ్మంలో నిలబడ్డాడు. "సారూ, వాన ఏది?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. "మీరు పొద్దుగాల రాసిండ్రు, నేను పగటీలికి రెండెకురాల మక్కలు పెట్టిన. మబ్బు పోరి మొకం సుత చూపియ్యలే!" "అయ్యా, అది కవిత్వం" అన్నాను. ఆయన "అంటే అబద్ధమా?" అని ఎంతో మర్యాదగా అడిగాడు.

మా బడి పెద్దసారు నన్ను తన గదిలోకి పిలిచాడు. "పంతులూ, పాత పండితుడు రోజూ రేడియో విని గా బోర్డు మీద వాన కబురు రాసేటోడు. ఊరంతా గది చూసే విత్తు పెడ్తది. నువ్వేమో రైతన్నా అని పేరువెట్టి పిలిస్తివి!" అన్నాడు. పొడి దుక్కిలో పడిన గింజను వారం దాటితే చీమలూ పిట్టలూ మిగల్చవని, ఆ ఇంట మళ్ళీ విత్తనానికి దారి లేదని కూడా చెప్పాడు.

అప్పటినుంచి పూటపూటకూ బయటికి వచ్చి మెడ విరిగేలా ఆకాశం చూశాను. (ప్రకృతి కవినైన నేను ఆకాశాన్ని నిజంగా చూడడం అదే మొదలు.) బాటన పోయేవారు "సారూ, ఇయ్యాల మేఘం ఏం కబురంపింది?" అని నవ్వేవారు. విత్తు పడిన ఆరోనాటి సాయంత్రం వాన దిగింది. గొడుగు మరచి ఆ రైతు చేనుదాకా పరుగెత్తాను.

మొలకలు వచ్చాయి, కానీ చాలుకు మూడోవంతు ఖాళీ. ఆదివారం ఇస్త్రీ లాల్చీతోనే వెళ్ళి, పెద్దసారు ఇంటినుంచి అడిగి తెచ్చిన మొక్కజొన్న గింజలను ఆ ఖాళీల్లో ఒక్కొక్కటే పెట్టాను. వరుస తప్పకుండా పెట్టాననే చిన్న గర్వం లేకపోలేదు. ఆ రైతు భార్య నడుము మీద చేతులు పెట్టుకొని చూసి, "సారూ, ఇగ రాసేటప్పుడు జర బయటికొచ్చి చూసి రాయిండ్రి" అంది. ఇంతకన్నా సూటి విమర్శ నాకు నేటివరకు ఎవరూ చేయలేదు.

ఉద్యోగ విరమణ చేసి చాలా కాలమైంది. నా కవితలను సభల్లో మెచ్చుకొన్నవారున్నారు, శాలువాలు కప్పినవారున్నారు. కిటికీ మూసుకొని వానను కురిపించిన ఆ కుర్ర పండితుణ్ణి తలచుకొంటే ఇప్పటికీ సిగ్గుతో నవ్వు వస్తుంది. అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి. నేను రాసిన నాలుగు పాదాలను నమ్మి, అదే పగలు రెండెకరాలు విత్తిన పాఠకుడు ఆ తరువాత నాకు దొరకలేదు.