బావ పక్కన ఇద్దరు ఆడవాళ్లు

నేను కోదాడ నుంచి మోతె దగ్గరి అత్తగారి ఊరికి కాపురానికి వచ్చేనాటికి పెద్ద యుద్ధం అయిపోయి రెండేళ్లు. ఆ ఇంటి పెద్దకొడుకు పోయి మూడేళ్లు. ఆయన మా ఆయనకు అన్న, నాకు బావ. నేను చూడనే లేదు. గొర్లు కాసే ఇంట్లో పుట్టి, పల్టన్‌లో చేరి, బర్మాకు పోయాడు. సూర్యాపేట నుంచి తపాలా మనిషి తెచ్చిన కాగితాన్ని బడిపంతులు చదివి, ఇక రాడని చెప్పాడట. శవం లేదు, సమాధి లేదు. టోపీ, బూట్లు, తుపాకితో దిగిన ఫొటో ఒకటి మిగిలింది.

ఆయన భార్యను అక్కా అని పిలిచేదాన్ని. ఆ కాగితం వచ్చిన రోజు నుంచి అక్క ఏడవలేదు. బొట్టు తుడుచుకోమంటే తుడుచుకుంది, గాజులు తీయమంటే తీసింది. తెల్లారగానే దొడ్డి ఊడ్చి, జొన్నరవ్వతో గట్క వండి, అందరికీ పెట్టి తనూ ఇంత తినేది. ఎవరైనా ఆయన మాట ఎత్తితే మాత్రం అక్కడి నుంచి లేచిపోయేది. మా అత్తకు అదే రంది. "కడుపార ఏడ్వనన్న ఏడుస్తలేదు పిల్లా. లోపల్లోపలనే ఎండిపోతున్నది" అని నాతో చెప్పుకునేది. నాకు అది అర్థమయ్యేది కాదు. మా కోదాడ వాళ్లం ఏదీ లోపల ఉంచుకోం, మాట చివర 'అండి' చేర్చి మరీ పోట్లాడతాం.

మేము జొన్న వేసే చెలక గట్టున ఒక పాత రాయి ఉండేది. దాని మీద కత్తి పట్టిన వీరుడు, అటూ ఇటూ ఇద్దరు ఆడవాళ్లు. మంద మీద పడ్డ దొంగలతో పోరాడి పోయినవాడని అత్త చెప్పేది. పేరు ఎవరికీ తెలియదు. ఏటా పెత్రమాస నాడు, పోయిన పెద్దలకు పెట్టుకునే ఆ అమావాస్య నాడు, దానికీ పసుపు రాసేవాళ్లు. పేరు తెలియనివాడికి ఇంత మర్యాద జరుగుతుంటే నా కొడుక్కి ఒక రాయి లేదా అని అత్త పట్టుబట్టింది. మా ఆయన మిర్యాలగూడలో రోళ్లు, తిరగళ్లు చేసే ఆయనను మాట్లాడి, ఊరికి పిలిచి ఫొటో చేతిలో పెట్టాడు. పనిలో పనిగా చెలకలోని రాయి కూడా చూపించాడు. అక్కడే చెడింది.

పెత్రమాసకు ముందు రోజు మధ్యాహ్నం రాయిని బండి మీద వేసుకుని చెక్కిన ఆయనే వచ్చాడు. గడ్డి తొలగించి చూస్తే బావ కత్తి పట్టుకుని నిలబడ్డాడు. నెత్తిన కొప్పు, చెవుల దాకా మీసాలు. ఫొటోలో బావకు మీసమే లేదు. తుపాకి ఏదని అత్త అడిగింది. రాతిలో తుపాకి గొట్టం సన్నగా తీస్తే విరిగిపోతుందని, కత్తి అయితే నిలుస్తుందని ఆయన నింపాదిగా చెప్పాడు. నేను నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను.

అప్పటిదాకా గడప దగ్గరే ఉన్న అక్క వచ్చి, రాయిని కిందికీ మీదికీ చూసి, వేలు పెట్టి చూపించింది.

"గీ ఆడోళ్లెవరు?"

పోరులో పోయినవాణ్ణి చెయ్యి పట్టుకుని స్వర్గానికి తీసుకుపోయే దేవకన్యలని, పాత రాతిలో ఉన్నారు కనుక చెక్కానని ఆయన చెప్పాడు. అక్క నడుము మీద చేతులు పెట్టుకుంది.

"బర్మా దాక ఒక్కడే పోయిండు. నన్నడిగిండా, మా అత్తనడిగిండా? గిప్పుడు పైకి పోనీకి ఇద్దరు ఆడోళ్లు గావాల్నా?"

అది చెక్కిన ఆయనతో అన్న మాట. ఆ తర్వాతవన్నీ రాయితోనే అంది. వస్తానని చెప్పి పోయినవాడివి రాలేదేమని అడిగింది. ఎంత వివరంగా తిట్టిందంటే, మూడేళ్లుగా ఒక్క మాటా పారేయకుండా దాచుకుని ఉండాలి. పల్టన్‌కు పోయేముందు బావ కొత్త కిర్రు చెప్పులు కుట్టించుకుని, వచ్చాక తొడుక్కుంటానని దూలం మీద పెట్టాడట. అవి ఎండి పగలకుండా అక్క ఇన్నాళ్లూ ఆముదం రాస్తూనే ఉందట. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. చెప్పుల మాట దగ్గరికి వచ్చేసరికి ఆమె రాయి మీదికి వంగింది. రాయిని రెండు చేతులా పట్టుకుని, దానికే తల ఆనించి ఏడ్చింది. అత్త ఏడ్చింది. తన పని నచ్చక ఏడుస్తున్నారనుకుని చెక్కిన ఆయన కూడా కళ్లు తుడుచుకున్నాడు. ఎన్నడూ చూడని మనిషి కోసం నేనూ ఏడ్చాను. నాకు ఆ ఇంట్లో అంత హాయిగా అనిపించిన రోజు అంతకు ముందు లేదు.

అక్క ముక్కు చీదుకుని, వాళ్లిద్దరినీ తీసెయ్యమంది. తీసేస్తే బావకు అటూ ఇటూ గుంతలే మిగులుతాయని ఆయన తల పట్టుకున్నాడు. అప్పుడు నా నోరు ఊరుకోలేదు. తీయలేకపోతే మార్చండి, ఒకామె చేతిలోని విసనకర్రను గట్క గిన్నెగా చెక్కితే మా అక్క అయిపోతుంది కదా అన్నాను. బతికున్నవాళ్లను ఇలాంటి రాతిలో పెట్టకూడదని ఆయన భయపడ్డాడు. అత్త కొట్టిపారేసింది. ఎప్పటికైనా పోయేవాళ్లమే కదా, రెండోదాన్ని నన్ను చెయ్యమంది.

ఆయన పందిరి కింద కూర్చుని పొద్దుగూకేదాకా ఉలి ఆడించాడు. బావ పాదాలకు చెప్పుల పట్టీలు గీశాడు. దేవకన్యను మా అత్తగా మార్చడానికి బుగ్గల మీద చెరో గీత పెట్టాడు. తన బుగ్గలు అంతగా జారలేదని అత్త ఆ పూట అన్నం తినకుండా అలిగింది.

మర్నాడు పాత రాయి పక్కనే కొత్త రాయిని నిలబెట్టాం. అక్క తన చేత్తో పసుపు రాసింది. కుంకుమ భరిణె నా చేతిలో ఉంది, మామ కూడా ఎప్పుడో పోయాడు కనుక ఆ ఇంట్లో ముత్తైదువను నేనొక్కదాన్నే. బావ నుదుట బొట్టు పెట్టాను. గట్క గిన్నె పట్టుకున్న ఆమె దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయింది. ఏం చెయ్యాలో తెలియక అక్క వైపు చూశాను. ఆమె బోసి నుదురు ఎండకు మెరుస్తోంది.

"పెట్టు," అంది అక్క. "గాడ ఆయన పక్కన్నే ఉన్న గద."

నేను రూపాయి బిళ్లంత బొట్టు పెట్టాను.